ఇంట్లో తినేవి

ఆ రోజు ఉదయం ఏడూ పదికి మా అమ్మ వసారాలో చాట ముందు పెట్టుకుని వేరుశెనగ గింజలు ఏరుతోంది. ఎనిమిదింటికి వై.ఎన్.హొసకోట నుంచి వచ్చే బస్సులో మా బావ బెంగళూరుకు తిరిగి వెళ్లాలి. నేను బడిపంతులుని. పొద్దున గడియారం చూసుకోవడం అలవాటు కాబట్టి ఆ సమయం గుర్తుంది.

బావ అంటే మా మేనమామ కొడుకు. బెంగళూరులో ఒక పరిశోధనశాలలో పనిచేసేవాడు. ఒంట్లో రోగాన్ని ఎదిరించే కణాలు క్యాన్సర్ గడ్డను ఎందుకు ఆపలేకపోతాయన్నది అతని పని. వేరుశెనగకు పట్టే ఒక బూజులోని విషం కాలేయాన్ని చెడగొడుతుందని అప్పటికే తెలుసు. అదే విషం ఆ కాపలా కణాలను కూడా బలహీనపరుస్తుందా అని అతను వెతుకుతున్నాడు. కాయ నిండే వేళ వాన లేకపోతే ఆ బూజు ఎక్కువ పడుతుందట. ఆ ఏళ్లలో కాయ నిండే వేళ మాకు వాన పడిన జ్ఞాపకం లేదు.

అంతకుముందు మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగాడు. మీరు ఇంట్లో తినే గింజలు ఒక శేరు ఇవ్వండి అని అందరినీ అడిగాడు. ఎదురింటి ముసలాయన అరుగు మీద నుంచే ఆటపట్టించాడు.

"డాక్టరంటావు. సూదెయ్యవు, మాత్రియ్యవు. చెనక్కాయలు అడుక్కుంటాండావు. ఏం డాక్టరప్పా నువ్వు?"

"రోగం రాకముందు వచ్చే డాక్టర్ని పెద్దాయనా."

"అట్లయితే నా దగ్గరికి శానా ఆలస్యంగా వచ్చినావులే."

మా ఇళ్లలో తినే గింజలు ఏవో చెప్పాలి. ఒలిచిన వాటిలో లావైనవి విత్తనానికి, తర్వాతవి మండీకి. ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, బూజు పొడి రాలేవి ఇంటికి. వాటిని బాగా వేయించి, ఎండుమిరపకాయలు ఎక్కువ వేసి ఊరిబిండి పచ్చడి నూరితే చేదు తెలియదు. సంగటిలోకి అదే. మాకు పప్పు ఉన్న రోజున కూడా అమ్మకు అదే.

ఆ ఉదయం చాటలో ఉన్నవి విత్తనానికి దాచిన సంచిలోవి. వాటిలోనూ ఇంకా మంచివి ఏరుతోంది.

"బావ అడిగింది మనం తినేవి కదమ్మా," అన్నాను.

"నోరు మూసుకో. ఇంటికొచ్చిన మేనల్లుడికి పుచ్చినవి మూట గట్టియ్యాల్నా? ఆడ పెద్దపెద్దోళ్లు చూస్తారంట. వీళ్లత్త తినేది ఇదా అనుకోరూ?"

బావ స్నానం చేసి వచ్చి చాటలోకి చూశాడు. "అత్తా, ఇవి ఇంట్లో తినేవేనా?"

"ఇంగేమి తింటాము నాయనా."

అతను నా వైపు చూశాడు. జీతం తెచ్చే కొడుకు ఉండి తల్లి నల్ల గింజలు తింటోందని చెప్పడానికి నాకు సిగ్గేసింది. సంచికి కట్టే చీటీ మీద ఊరి పేరు, దాని కింద 'ఇంట్లో తినేవి' అని నేనే రాశాను. మిగతా ఇళ్లవాళ్లూ అట్లాగే ఇచ్చారని తర్వాత తెలిసింది.

కొన్ని నెలలకు ఉత్తరం వచ్చింది. మీ ఊరి గింజల్లో విషం దాదాపు లేదు, భయపడాల్సిన పని లేదు అని రాశాడు. అమ్మకు చదివి వినిపించాను.

"చూస్తివా, మన చెనక్కాయలకు మంచి పేరొచ్చె," అంది. అప్పుడైనా నిజం రాసి ఉండాల్సింది. రాయలేదు.

మూడో ఏడు అమ్మకు కుడి డొక్క కింద గట్టిపడింది. కళ్లు పచ్చబడ్డాయి. పావగడ ఆస్పత్రిలో కామెర్లన్నారు. ఆకు పసరు తాగించాం. బెంగళూరుకు తీసుకెళితే బావే దగ్గరుండి పెద్దాస్పత్రిలో చూపించాడు. కాలేయంలో గడ్డ, చేయగలిగింది లేదన్నారు. అక్కడి వరండాలో బెంచీ మీద కూర్చుని ఆ సంచి సంగతి అతనికి చెప్పాను.

"ఈ గడ్డ దానివల్లనేనని ఎవరూ చెప్పలేరు," అన్నాడు. "కాదనీ చెప్పలేరు. నేను అడక్కుండా ఉండాల్సింది. ఈ పక్క పుట్టినోణ్ణి. మనోళ్లు ఇంటికొచ్చినోడికి చెడ్డవి ఇస్తారా? నాకు తెలియకపోయెనా."

అమ్మ పది వారాలు బతికింది.

తర్వాత ఏడాది అతను మళ్లీ వచ్చాడు. ఎవరినీ గింజలు అడగలేదు. ప్రతి ఇంట్లో భోజనానికి కూర్చుని, తన పళ్లెంలో వేసిన ఊరిబిండినే సీసాలోకి తీసుకున్నాడు. అది చాలదని తోచిన చోట నేరుగా రోట్లోంచి తీశాడు. ఈసారి వచ్చిన ఫలితాలు వేరు. వాటి మీద అతను రాసిన వ్యాసం ఆధారంగా ఇతర దేశాల్లో కూడా పని సాగిందని, తిండిని వంటింట్లోంచే తీసుకుని పరీక్షించాలని అతని తర్వాత చాలామంది నేర్చుకున్నారని, అతను పోయాక జరిగిన సంతాపసభలో విన్నాను. మొదటి సంచుల ఫలితాన్ని అతను దాచలేదు. తన పొరపాటుగా అదే వ్యాసంలో రాసుకున్నాడు. చీటీ రాసింది ఎవరో అందులో లేదు.

ఏరి తీసేసిన గింజలు ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ తినరు.