ముందు గది కంప్యూటరు, లోపలి గది ల్యాప్‌టాప్

మా ఇంట్లో రెండు కంప్యూటర్లున్నాయి. వాటి మధ్య అడ్డం ఒకే ఒక్క గోడ. ఆ గోడ అవతల ఉన్న నాలుగు వీడియోలను ఇవతల కూర్చుని చూడటానికి నేను పడ్డ పాట్లు వింటే మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు. నవ్వడానికేం, కంప్యూటరును వేలితో కూడా తాకకుండా సలహాలు మాత్రం ఇచ్చే మనిషి.

మాది గోదావరిఖని. రెండు గదులు, వంటిల్లు ఉన్న కంపెనీ క్వార్టరు. మామ బొగ్గుబాయిలో వెంటిలేషన్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. మా ఆయన ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచే తవ్వే గనిలో, ఫిట్టరు. నేను దగ్గర్లోని ఒక చిన్న ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. సోషల్ అని పేరేగానీ హిందీ మేడం రాకపోతే హిందీ, డ్రిల్ సారు రాకపోతే డ్రిల్ కూడా నా నెత్తినే పడతాయి. అదీ భరించేదాన్నే. భరించలేనిది వేసవి. ఏటా ఆఖరి రోజున మా కరస్పాండెంటు గారు "జూన్‌లో ఫోన్ చేస్తాం మేడం" అని పంపించేస్తారు. ఇక రెండు నెలలు ఆ ఫోన్ వస్తుందో రాదో తెలియక, మోగిన ప్రతి ఫోనుకూ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, తీరా అది ఏ లోను కంపెనీదో అయితే వాళ్ల మీద అరిచి పెట్టేస్తుంటాను. ఆ బతుకు మీద నాకు విసుగు పుట్టింది.

అందుకే రామగుండంలో ఒక పెద్ద బడి వాళ్లు సోషల్ టీచరు కావాలంటే దరఖాస్తు పెట్టాను. అక్కడ వేసవిలోనూ జీతం వస్తుందట, ఉద్యోగం పర్మినెంటట. వాళ్లు ఫోన్ చేసి, శనివారం మధ్యాహ్నం ఆన్‌లైన్‌లో ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. నచ్చితే తీసుకుంటారు. ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలనిపించిందంటే, ఇంట్లో వాళ్లకు ఆ సంగతి మామూలుగా చెబుదామనుకుని కూడా ఒకే మాట మూడుసార్లు చెప్పాను.

పాఠం నదుల మీద. నా దగ్గర మంచి సరుకే ఉంది. ఎండాకాలం బ్రిడ్జి కింద ఎండిపోయిన గోదావరిని, వానాకాలం అదే బ్రిడ్జి కింద ఒడ్లు ఒరుసుకుని పారే గోదావరిని నేనే ఫోన్‌తో తీసిన వీడియోలు. ఫోను నిండిపోతే వాటిని ముందు గదిలోని పాత కంప్యూటర్లో దాచాను. చిక్కల్లా ఏమిటంటే ఆ కంప్యూటరుకు కెమెరా లేదు. పైగా ముందు గదిలో టీవీ, వచ్చేపోయేవాళ్లు. పాఠం లోపలి గదిలోని ల్యాప్‌టాప్ నుంచే చెప్పాలి. ఆ ల్యాప్‌టాప్‌లోనేమో ఇంకో ఫోటో పెట్టడానికి కూడా చోటు లేదు.

"పెన్‌డ్రైవుల ఏస్కో" అన్నాడు మా ఆయన.

ఆ పెన్‌డ్రైవు గతేడాది జిరాక్స్ షాపుకు వెళ్లి వైరస్ అంటించుకొచ్చి, నా క్వశ్చన్ పేపర్లన్నింటినీ షార్ట్‌కట్లుగా మార్చేసింది. అప్పుడు నేనెంత ఏడ్చానో ఆయనకు గుర్తులేదు. నాకుంది. అందుకని ఈసారి రెండు కంప్యూటర్లనూ ఇంట్లోని రూటరుతో కలిపి, అక్కడి ఫోల్డరును షేరింగులో పెట్టి, ఇక్కడి నుంచే వీడియోలు ఆడించాలని పంతం పట్టాను. యూట్యూబు చూసి ఒక సాయంత్రమంతా కుస్తీ పడితే చివరికి ముందు గది గోదావరి లోపలి గదిలో పారింది. ఆ సంబరంలో ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను.

అత్తమ్మ చూసి, "గింతేనా? గీ దానికా అన్నం కూడ తినకుండ కూసున్నది?" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మామ మాత్రం ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరు దాకా నడిచి, గోడను పైనుంచి కిందిదాకా చూసి, "ఎట్లొచ్చింది బిడ్డా ఇవుతలికి?" అని అడిగారు.

నేను టీచర్ని. ఎవరైనా ఏదైనా అడిగితే తేలికగా అర్థమయ్యే ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. "రెండు గదుల నడుమ తలుపున్నట్టు అనుకోండి మామా. ఇగో, ఈ గడిలో టిక్ పెడితే తలుపు తెరుచుకున్నట్టు. తీసేస్తే మూసుకున్నట్టు" అన్నాను. ఆయన కళ్లజోడు తెచ్చుకుని, ఆ గడి దాకా ఎలా వెళ్లాలో నాతో మళ్లీ చేయించి చూశారు. ఆ వయసులో ఎంత ఆసక్తి అని మురిసిపోయాను.

మర్నాడు సాయంత్రం బడి నుంచి వచ్చి చూస్తే గోదావరి లేదు. ఫోల్డరు దొరకడం లేదనీ, పేరు సరిగ్గా రాశారో లేదో చూసుకోమనీ, అయినా కుదరకపోతే నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటరును సంప్రదించమనీ ల్యాప్‌టాప్ చెప్పింది. మా ఇంటికి ఆ అడ్మినిస్ట్రేటరును నేనే. నన్ను నేను సంప్రదించుకుంటే, బయటివాళ్లను ఆపే ఫైర్‌వాల్ అడ్డుపడి ఉంటుందని తేలింది. ఫైర్‌వాల్ తీసేసి ముందు గదిలోకి వెళ్లి చూస్తే టిక్ కూడా పోయి ఉంది. ఏదో అప్‌డేట్ వచ్చి తీసేసి ఉంటుందిలే అనుకుని మళ్లీ పెట్టాను. అంతా పనిచేసింది. దోషి ఫైర్‌వాలేనని తీర్పు చెప్పి నిద్రపోయాను.

ఆ మర్నాడు మళ్లీ అదే కథ. ఈసారి రెండు కంప్యూటర్లకూ ఒకటే ఉండాల్సిన వర్క్‌గ్రూపు పేరు మీద అనుమానం వచ్చింది. రెండింటిలోనూ ఒకే పేరు పెట్టి, పోయిన టిక్ మళ్లీ పెట్టాను. పనిచేసింది. దోషి పేరన్నమాట. ఇంకో రోజు రూటరు నుంచి వచ్చే వైరును అనుమానించి, బజారుకెళ్లి కొత్తది కొనుక్కొచ్చాను. అదీ ఒక్క రాత్రే బాగుంది. రోజూ ఒక కొత్త దోషిని పట్టుకోవడం, దాన్ని సరిచేశానని పొంగిపోవడం, తెల్లారితే నేరం మళ్లీ జరగడం. నా తల ప్రాణం తోకకొచ్చింది.

సెకండ్ షిఫ్టు చేసొచ్చి పొద్దెక్కినా పడుకున్న మా ఆయనను లేపి అడిగితే దుప్పటి తీయకుండానే, "రీస్టార్ట్ కొట్టినవా?" అన్నాడు. కొట్టానన్నాను. "మల్లోసారి కొట్టు" అన్నాడు. ఫిట్టరు కదా, ఆయన బాగుచేసే మిషన్ల గతి తలుచుకుంటే జాలేసింది.

ఇక మిగిలింది ఇంటిదొంగలు. గురువారం వంటింటి గుమ్మంలో నిలబడి, "ముందు గదిలో కంప్యూటరును ఎవరు ముట్టుకుంటున్నరు?" అని అడిగాను. బడిలో చాక్‌పీసులు పోయినప్పుడు వాడే గొంతు అది.

అత్తమ్మకు కోపం వచ్చింది. "నేనే ముట్టుకుంటున్న. దినాం గుడ్డవెట్టి తుడుస్తున్న. తుడువకుంటే గీ బొగ్గు దుమ్ముకు నీ కంప్యూటరు ఏ రంగుదో నీకే ఎరుకుండది" అంది. నేను తగ్గలేదు. తుడిచేటప్పుడు ఏదో నొక్కుతున్నారన్నాను. ఆ రాత్రి నా కంచంలో కూర తక్కువ పడింది. మామ ఇదంతా విన్నారు. నావైపు కాస్త జాలిగా చూసి, పేపరు చదువుకున్నారు. ఆయన్ని అడగాలని నాకు తోచనే లేదు.

శుక్రవారం సాయంత్రం పాఠమంతా ఒకసారి చెప్పి చూసుకున్నాను. వీడియోలు చక్కగా ఆడాయి. ల్యాప్‌టాప్ మూసి, వీధి తలుపు వేద్దామని ముందు గదిలోకి వెళ్తే మామ కంప్యూటరు ముందు కూర్చుని కనిపించారు. కళ్లజోడు పెట్టుకుని, నాలుక కొసను పంటికింద నొక్కి, ఒక్కొక్కటే జాగ్రత్తగా తెరుచుకుంటూ వెళ్లి, నా గడిలోని టిక్ తీసేశారు.

"ఏం చేస్తున్నరు మామా!" అని అరిచాను.

ఆయన తిరిగి చూశారు. ముఖంలో దొరికిపోయానన్న బెదురు ఏ కోశానా లేదు. "తలుపు మూస్తున్న బిడ్డా. నువ్వు దినాం తెరుస్తవ్, పని జేసుకుంటవ్, అట్లనే ఇడిసిపెట్టి పోతవ్. ఒక్కనాడన్న మూసినవా? మా పోరనికి చెప్తే నీ మీద లొల్లి జేస్తడని, నేనే ఎనుకంగ మూసుకుంట వస్తున్న" అన్నారు.

నేను ఇంట్లో దొంగ ఉన్నాడని వారమంతా తిరిగితే, ఆయన వారమంతా నా నిర్లక్ష్యాన్ని కడుపులో దాచుకుని నన్ను కాపాడుతున్నారు.

బాయిలో ఆయన పనే అదని అప్పుడు తెలిసింది. లోపల దారుల్లో గోడలు కట్టడం, తలుపులు బిగించడం, గాలిని పంపవలసిన చోటికి పంపడం. "తలుపు తెరిచి ఇడిసిపెడితే గాలి దగ్గరి తొవ్వ పట్టుకోని మర్లిపోతది. లోపల బొగ్గు కాడ పనిచేసేటోళ్లకు అందదు. తెరిచినోడే మూయాలె. మూయకపోతే నేను ఎవ్వలనన్న సరే తిట్టేటోన్ని. నువ్వు కోడలివని ఊకున్న" అన్నారు.

"ఇది అట్లాంటి తలుపు కాదు మామా. ఇది ఎప్పుడూ తెరిచే ఉండాలి."

ఆయన ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టారు. "తెరిచే ఉండాల్సింది తలుపెట్లయితది బిడ్డా? గోడకు బొక్క అయితది గని" అన్నారు.

నా ఉదాహరణకు నేనే చిక్కి గిలగిల్లాడాను. రేపు మధ్యాహ్నం అది మూసుకుంటే నా ఉద్యోగం పోతుందని చెప్పాను. ఆ మాట ఆయనకు పట్టింది. "గట్లయితే మనిషిని పెట్టాలె. తలుపు తెరిచి ఉంచుడు తప్పదంటే దాని కాడ మనిషిని కూసోబెడ్తరు. బాయిల గదే కాయిదా. నేను కూసుంట" అన్నారు. సరే అన్నాను. నేను వచ్చి చెప్పేదాకా మూయొద్దని, ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

శనివారం మామ అన్నం తిని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ కంప్యూటరు ముందుకు లాక్కుని కూర్చున్నారు. టీవీ రిమోటు దిండు కింద దాచేశారు. అత్తమ్మ దుమ్ము గుడ్డతో అటు రాబోతే చెయ్యి అడ్డం పెట్టారు. మా ఆయన సెకండ్ షిఫ్టుకు వెళ్లిపోయాడు కాబట్టి సలహాల బెడద కూడా లేదు. నేను లోపలి గదిలో మంచి చీర కట్టుకుని ల్యాప్‌టాప్ తెరిచాను.

తెర మీద మూడు ముఖాలు, మూడింట్లోనూ నవ్వు లేదు. మొదటి రెండు మాటలకే నా నోరెండిపోయింది. ఎండిన గోదావరి ఆడింది. నిండు గోదావరి మొదలుపెట్టబోతుండగా ఓపెన్‌కాస్టులో బొగ్గు కోసం పెట్టిన బ్లాస్టింగు పేలి మా కిటికీలు దడదడలాడాయి. వంటింట్లో గిన్నె ఒకటి కింద పడింది. "ఏమైంది మేడం?" అని నడిమి ముఖం కంగారుపడింది. "ఏం లేదు సార్, రోజూ ఉండేదే" అన్నాను. అప్పుడు మొదటిసారి ముగ్గురూ నవ్వారు, నాకూ ధైర్యం వచ్చింది. వీడియోలు ఒక్క క్షణం కూడా ఆగలేదు. సాయంత్రంలోగా ఏ సంగతీ చెబుతామన్నారు.

ఇక నా వల్ల కాలేదు. ఫోను పట్టుకుని వంటింట్లోంచి పెరట్లోకి వెళ్లి అరుగు మీద కూలబడ్డాను. అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుని, రెండు రోజులుగా లేని మాటలన్నీ మాట్లాడింది, చాయ్ పెట్టి ఇచ్చింది. మామకు ఇద్దామంటే, "ఈ యాళ్లకు హోటలు కాడ దోస్తులతోటి ఉంటడు" అంది. నీడలు పొడుగయ్యాయి, వీధి లైట్లు వెలిగాయి. అప్పుడు ఫోన్ మోగింది. సోమవారం సర్టిఫికెట్లు తీసుకుని రమ్మన్నారు. నేను పెట్టిన కేకకు పక్క క్వార్టరు వాళ్లు గోడ మీదుగా తొంగిచూశారు.

ముందు గదిలోంచి మామ గొంతు వినిపించింది. "ఏమైంది బిడ్డా? నేను లేవొచ్చునా?"

పరుగెత్తాను. గదిలో లైటు కూడా వేయలేదు. కంప్యూటరు వెలుగులో మామ అదే కుర్చీలో, అదే ఇస్త్రీ చొక్కాలో, మౌసు మీద చెయ్యి వేసి కూర్చుని ఉన్నారు. పాఠం ఎప్పుడో అయిపోయింది. ఆయన చాయ్ పోయింది, హోటలు పోయింది, దోస్తులు పోయారు.

"ఇంకా ఇక్కడే ఉన్నరా మామా?"

"నువ్వొచ్చి చెప్తనంటివి గద. చెప్పకపోతివి" అన్నారు. నన్ను తప్పుపట్టే గొంతు కాదది, జరిగింది చెప్పే గొంతు. "నడుమ నడుమ ఇది కండ్లు మూయవట్టింది. తెర చీకటి కాంగనే మౌసు కదిలించి లేపిన. ఇగ మూయాల్నా?"

కంప్యూటరును కాసేపు ముట్టుకోకపోతే అదే నిద్రలోకి పోతుందని, పోతే వీడియోలు ఆగిపోతాయని నాకు అప్పుడు తట్టింది. ఫైర్‌వాలు, పేరు, వైరు అన్నీ మార్చాను గానీ ఆ సంగతి చూసుకోలేదు. మూయమని తలూపాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, టిక్ తీసేసి, అది పోయిందో లేదో ఇంకోసారి చూసుకుని, మోకాళ్లు పట్టుకుని లేచారు. లేచీ లేవగానే నన్ను తప్పించుకుని బాత్రూములోకి పరుగులాంటి నడకతో వెళ్లిపోయారు. నేను అక్కడే నిలబడి ఏడ్చాను.

కాసేపటికి లోపలి నుంచి అడిగారు. "అది సరే గని బిడ్డా, నౌకరి వచ్చిందా?"