రబ్బరు సుబ్బమ్మ నాడి

దయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే, నాడి పట్టి చూశారా అని అడిగే రకం నేను. డిగ్రీ చదివి నర్సింగులో చేరినదాన్ని. నమ్మకాలకు తీరిక ఉండేది కాదు.

ఎనభైల మొదట్లో, అనంతపురంలో చదువుతూ ప్రాక్టికల్ పరీక్ష ఒకసారి తప్పాను. నాడిని పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం నా అలవాటు. పరీక్ష చేసే మేడం నా ఎక్కాల ప్రతిభను గుర్తించలేదు.

"ఈతూరి గూడా పోతే ఇంటికొచ్చి శనక్కాయలు ఒలుచుకో" అన్నాడు మా నాయన. మాది గార్లదిన్నె దగ్గర. ఆ ఏడు వాన లేదు. ఒలవడానికి శనక్కాయలూ లేవు.

రెండోసారి పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం, క్లాసులోని బొమ్మ మీద సాధన చేస్తున్నాను. మనిషంత రబ్బరు బొమ్మ, లోపల డొల్ల. సుబ్బమ్మ అని పేరు పెట్టుకున్నాం. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి గడియారం చూశాను.

నాడి కొట్టుకుంటోంది.

కరెంటు లేదు, ఫ్యాను తిరగడం లేదు. రోడ్డు మీద లారీ చప్పుడైనా లేదు. పావు నిమిషానికి పదహారు. చెయ్యి తీయడానికి భయమేసి అలాగే లెక్కపెట్టాను. తర్వాత అది మెల్లబడి, ఆగి ఆగి కొట్టుకుంది. నిండు నిమిషానికి యాభై రెండు.

పక్కన నోట్సు బట్టీ పడుతున్న నా స్నేహితురాలు రమీజాను పిలిచాను.

"బొటనవేలు పెట్టింటావు మే. అది నీ నాడే."

"మూడు వేళ్లే పెట్టినాను."

రమీజా నా నాడి చూసింది. నూట పది. "నీది గుర్రం మాదిరి ఉరుకుతాండాది. సుబ్బమ్మే నయం" అని నవ్వింది. తను పట్టి చూస్తే బొమ్మలో ఏమీ లేదు.

మర్నాడు పరీక్షలో నాకిచ్చిన రోగి ధర్మవరం నేతగాడు, ముసలాయన. గుండెజబ్బుకు రోజూ డిజాక్సిన్ మాత్ర. నాడి అరవైకి తగ్గితే అది ఇవ్వకూడదు. ఇస్తే ప్రాణానికే ముప్పు.

పావు నిమిషానికి పదహారు. నాలుగుతో హెచ్చవేస్తే అరవై నాలుగు, మాత్ర ఇవ్వొచ్చు. కానీ ఆ పదహారు నాకు తెలుసు. చెయ్యి తీయలేదు. నాడి మెల్లబడింది. ఆగి ఆగి కొట్టుకుంది. నిండు నిమిషానికి యాభై రెండు.

మాత్ర పక్కన పెట్టేశాను.

"ఏం పాపా, దినామూ ఇచ్చేది ఈ పొద్దు యాల ఇయ్యవు?" అని తాత కసిరాడు. మేడం తనే ఆయన గుండె మీద స్టెతస్కోపు పెట్టి విని, డాక్టరుకు కబురు పంపింది.

పాసయ్యాను. కొన్నాళ్లకు తాత తన కాళ్ల మీద నడిచి ఇంటికి పోయాడు.

తర్వాత చాలా ఏళ్లు నర్సింగు పాఠాలు చెప్పాను. నిండు నిమిషం ఎందుకని అడిగిన పిల్లలకు పుస్తకంలోని కారణమే చెప్పాను. రెండో కారణం నాకే అర్థం కాలేదు, ఇప్పటికీ.

బొమ్మ చెయ్యి మాత్రం మళ్లీ పట్టుకోలేదు. నాడి లేకపోతే మంచిదే. ఉంటే, ఈసారి అది ఎవరిదని వెతకను?