తొమ్మిది కిలోల తేడా

విమానాల షెడ్డులో ఆయన్ని అందరూ 'నిదానం' అనేవారు. ఒక నట్టు బిగించి, దాని మీద ఎర్రగీత గీసి, కాసేపాగి మళ్ళీ వచ్చి చూసుకునే మనిషి. ఆయన పని అయ్యేలోగా టీ రెండుసార్లు చల్లారుతుందని నవ్వుకునేవారు.

పూర్వం అలా ఉండేవాడు కాదు. పదకొండేళ్ళ కిందట ఒక పైలట్ స్నేహితుడు, "ప్రొపెల్లర్ రెక్కల వాలు కాస్త పెంచు, విమానం జోరుగా పోవాలి" అంటే, "సరేలే, ఏం కాదు" అని పెంచేశాడు. విమానం లేవాల్సినంత లేవలేదు. రన్‌వే చివర చెట్లలో పడింది. స్నేహితుడు బతికాడు గానీ రెండు కర్రలు లేనిదే నడవలేడు. ఒక్కనాడూ నిదానాన్ని పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని నిదానం భార్య దగ్గర వాపోయేవాడు.

ఆయన చెల్లెలు అదే షెడ్డు నుంచి ఒక చిన్న విమానం నడిపేది. వారానికి నాలుగుసార్లు దీవిలో ఉన్న ఆసుపత్రికి మందులు చేరవేసేది. దీవిలో రన్‌వే పొట్టిది, దాని చివరే కొండ. విమానానికున్న ప్రొపెల్లర్ వాలు మార్చాలంటే నేల మీద బోల్టులు వదులు చేయాల్సిందే. పైకి ఎక్కడానికి వీలుగా పెడితే సముద్రం మీద ఈడ్చుకుంటూ పోతుంది. జోరుగా పోవడానికి పెడితే కొండ దాటదు. అందుకని గాల్లో ఉండగానే వాలు మార్చుకునే ప్రొపెల్లర్ కొనాలని ఆసుపత్రివాళ్ళు అనుకున్నారు. ఏది కొనాలో తేల్చే పని నిదానం నెత్తిన పడింది.

వెతగ్గా వెతగ్గా రెండు మిగిలాయి. ఒకటి కరెంటు మోటారుతో వాలు మారేది, తేలిక. ఇంకోటి ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితో మారేది, తొమ్మిది కిలోలు బరువెక్కువ.

"ఇందులో ఆలోచించడానికేముంది అన్నయ్యా? తొమ్మిది కిలోలంటే ఒక మందుల పెట్టె. తేలికదే తీసుకో" అంది చెల్లెలు.

నిదానం రెండు కంపెనీలకూ ఒకే ప్రశ్న రాశాడు: గాల్లో ఉండగా పాడైతే రెక్కలు ఏ వాలులో ఆగుతాయి? ఆయిల్‌వాళ్ళు, ఒత్తిడి పోతే రెక్కలు వాటంతటవే ఎక్కే వాలుకు వచ్చేస్తాయనీ, నెమ్మదిగా ఇంటికి రావచ్చనీ రాశారు. మోటారువాళ్ళు, ఎక్కడున్నవి అక్కడే ఉండిపోతాయని దాచకుండా చెప్పారు. ఆ జవాబు చదివాక ఆయనకు తిండి సయించలేదు.

"కంచంలో ఆ గీతలేమిటండీ?" అంది భార్య.

"రన్‌వే."

చివరికి కొలిచే చూద్దామనుకున్నాడు. ఇక్కడి రన్‌వే పొడవైనది, ముందు కొండా లేదు. దీవి రన్‌వే ఎంత పొడవో అంత దూరం కొలిచి సున్నంతో అడ్డగీత గీశాడు. పాత ప్రొపెల్లర్ రెక్కల్ని జోరు వాలులో బిగించి, మందులకు బదులు ఇసుక మూటలు పెట్టి, చెల్లెల్ని విమానం లేపమన్నాడు. ఇంజిన్ హోరెత్తింది. విమానం గీత దాటిపోయింది. చక్రాలింకా నేల మీదే ఉన్నాయి.

చెల్లెలు దిగి వచ్చి గీత దగ్గర నిలబడింది. "మోటారు పాడైన రోజు నేను దీవికి పోనే పోను. వెనక్కి తిరిగి వచ్చేస్తాను."

"దిగబోయే ముందు పాడైతే? అప్పుడే ఎవరో రన్‌వేకి అడ్డొస్తే? మళ్ళీ పైకి లేపాలిగా!"

"అన్నీ ఒకేసారి ఎవరికి జరుగుతాయి? నీకు భయం, అంతే. నీ భయానికి దీవిలో రోగులు మందుల్లేకుండా ఉండాలా?"

"భయమే. కాదనను" అన్నాడాయన. ఆ సాయంత్రమే ఆయిల్‌దానికి సంతకం పెట్టాడు.

కొత్తది బిగించాక ముక్కు బరువెక్కితే బ్యాటరీని తోకవైపు జరిపాడు. మొదటిరోజు నుంచే ఒక పెట్టె మిగిలిపోసాగింది. చెల్లెలు దాన్ని తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి పోయేది. ఆయన దాన్ని సైకిల్ మీద రేవుకు తీసుకెళ్ళి పడవ ఎక్కించేవాడు. అది మర్నాటికి చేరేది. రెండు నెలలు చెల్లెలు ఆయనతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

ఒకరోజు దీవి నర్సు నుంచి ఉత్తరం వచ్చింది. పడవలో వెళ్ళిన మందు ఆలస్యమై, ఒక ముసలామె రాత్రంతా ఊపిరాడక అవస్థ పడిందట. ఇప్పుడు కులాసాగానే ఉందట. నిదానం ఆ ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తర్వాత లేచి, విమానంలో ఊడదీయగలిగిన ప్రతిదాన్నీ తూకం వేయడం మొదలెట్టాడు. కింద పరిచిన చాప, పనిముట్ల సంచి, చెక్కపెట్టెల బదులు గుడ్డ సంచులు. ఎంత తీసినా, ఆ తొమ్మిదిలో ఇంకా మూడు కిలోలు తగ్గాల్సే ఉంది.

చెల్లెలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. "రెండో సీటు తీసెయ్" అంది.

"ఎప్పుడైనా ఎవరైనా ఎక్కాలంటే?"

"ఎవరెక్కుతున్నారు? నువ్వెక్కుతావా?"

ఆయన సీటు కిందికి వంగాడు. బోల్టులు విప్పాడు. మర్నాటి నుంచి మందులన్నీ విమానంలోనే వెళ్ళాయి.

ఆయిల్ ప్రొపెల్లర్ ఇంతవరకు పాడవలేదు. మోటారుది కొన్నా పాడయ్యేది కాదేమో. ఆ సంగతి చెల్లెలు ఇప్పటికీ అంటూనే ఉంటుంది. ఊడదీసిన సీటు షెడ్డు గోడ పక్కన ఉంది. పొద్దున విమానం లేపే ముందు, పొగమంచు విడిచేదాకా ఆమె అందులో కూర్చుని, అన్నయ్య పని చూస్తూ ఏదో ఒకటి మాట్లాడుతుంది. ఆయన ఊ కొడుతూ ఉంటాడు.