తునికాకు మేకలు

పొద్దున మా యుద్ధం గేమ్ చూసి, "కంప్యూటర్ ఊరికే ఓడిపోతోంది, దాని సైన్యం రెట్టింపు చెయ్" అన్నాడు మేనేజర్. ఆ మాటకు బోధన్‌లో మా అవ్వ బీడీల చాట గుర్తొచ్చింది.

పులీమేకా ఆటలో చింతగింజలు పులులు, బీడీలకు కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలు మేకలు. మీ ఇళ్లలోనూ అంతేగా?

చిన్నప్పుడు అవ్వతో ఆటలో నా పులులే రోజూ గెలుస్తుంటే జాలేసింది.

"అవ్వా, ఇంకో నాల్గు మేకలు పెట్టుకోరాదు!"

బీడీ చుట్టడం ఆపకుండానే అంది: "నాకెందుకే? నువ్వెప్పుడూ గా మూలకెల్లే వస్తవ్. సూస్తనే ఉన్న."

ఆ రోజు ఉన్న మేకలతోనే నా పులులను కదలకుండా కట్టేసింది. నేనేడ్చినా కనికరించలేదు.

"ఒక్క సైనికుణ్ని కూడా పెంచను సార్. ఆటగాణ్ని గమనించడం కంప్యూటర్‌కు నేర్పుతా" అని చెప్పేశాను.

"అంత టైమ్ లేదు" అన్నాడు.

అవ్వకూ లేదు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది. అయినా నన్ను గమనించింది.