నక్కదొర ఎందుకు మారాడు

1969 వేసవిలో తెనాలిలోని ఒక పిల్లల మాసపత్రికలో ఆర్టిస్టుగా చేరాను. మాది బాపట్ల. రోజూ పాసింజరెక్కి ప్రెస్సుకు వచ్చేవాణ్ణి. హోదాలో ఎడిటరుగారు, ఆయన తర్వాత సబ్‌ఎడిటరు, ఆ తర్వాత నేను. నా కింద ఎవరూ లేరు. నా కింద ఉన్న కుర్చీకి ఒక కాలు సరిగ్గా లేదు.

లండన్ నుంచి అనుమతితో తెప్పించే ఒక బొమ్మల కథను తెలుగులోకి దించడం నా పని. మాటల బుడగల్లోని ఇంగ్లీషు మీద తెల్లరంగు పూసి, ఆరాక తెలుగు రాయాలి. ఇంగ్లీషువాడు రెండు ముక్కల్లో తిట్టే తిట్టుకు మనకు నాలుగు కావాలి, బుడగ పట్టదు. ఆ పేజీలు విజయవాడ వెళ్లి జింకు బ్లాకులుగా తిరిగొస్తే వాటితో అచ్చు వేసేవారు. కథానాయకుడు దొంగల దొర. వింత యంత్రాలతో బ్యాంకులు దోచి పోలీసుల్ని వెక్కిరించే మేధావి. వాడికి నక్కదొర అని పేరు పెట్టాం.

లండన్ సంచికలు ఓడలో మద్రాసు వచ్చి, అక్కణ్ణుంచి మాకు చేరేవి. ఒకసారి మధ్యలో ఒకటి రాలేదు. దాని ముందుదాంట్లో నక్కదొర బ్యాంకు దోస్తున్నాడు. తర్వాతిదాంట్లో పోలీసుల పక్కన నిలబడి దొంగల్ని పడుతున్నాడు! ఎడిటరుగారు ఉన్నది ఉన్నట్టు వేయించేశారు. పిల్లలే కదా, సర్దుకుంటారన్నారు.

పిల్లల సంగతేమో గాని, రేపల్లె నుంచి ఏసుపాదం అనే నడివయసు మనిషి వచ్చాడు. ఇళ్ల తాళాలు తీసిన కేసులో జైలుకెళ్లి వచ్చి సైకిళ్ల రిపేరు షాపు పెట్టుకున్నాడు. వీధి పిల్లలు అతణ్ణి నక్కదొర అని పిలుస్తారట.

“మొన్నటిదాకా పర్లేదండి. ఇప్పుడేమో, ఆడిది నాటకం, మళ్లీ దోస్తాడు చూడు అంటన్నారండి. నాకేసి చూసి మరీ అంటన్నారు. పెద్దాళ్లూ అందుకున్నారు. ఇట్టయితే షాపుకి ఎవరొస్తారండి? ఆడెందుకు మారాడో కాస్త వేయండి బాబూ.”

మీరెందుకు మానేశారని అడిగాను.

“అదెవరూ అడగరండి. మళ్లీ ఎప్పుడు మొదలెడతావనే అడుగుతారు,” అని రేపల్లె బండికి వెళ్లిపోయాడు.

ఇక నాకు కుదురు లేదు. తప్పిపోయిన భాగాన్ని మనమే గీద్దామని ఎడిటరుగారిని ఒప్పించాను. కాని మారడానికి కారణమేది? దొర తల్లిని చంపాను, దొరను తుఫానులో ముంచాను, చర్చిలో మోకరింపజేశాను. గీసిందల్లా చించాను. రైల్లో కూర్చున్నా కాళ్లు ఆడుతూనే ఉండేవి. భోజనం దగ్గర కంచం అంచున వేలితో బొమ్మలు గీస్తుంటే మా ఆవిడ చేతిమీద ఒక్కటి వేసింది. పేజీలు విజయవాడ పంపాల్సిన రోజు పొద్దున, ఆవిడే ఇంటి తాళంచెవి ఎప్పట్లాగే పక్కింటామెకు ఇచ్చి చీరాలలో చీరలు కొనడానికి బయల్దేరింది. నేను స్టేషనుకు దాదాపు పరిగెత్తాను.

ప్రెస్సుకు రాగానే ఒకే పేజీ గీశాను. నక్కదొర మారువేషంలో తలదాచుకున్న వీధిలో ఒక ముసలావిడ ఊరెళ్తూ, ఇల్లు చూస్తుండు నాయనా అని తాళంచెవి వాడి చేతిలో పెడుతుంది. ఏ తాళమైనా తీయగలవాడు ఆవిడ తిరిగొచ్చేదాకా ఆ ఇంటి మెట్ల మీదే కూర్చుంటాడు.

ఆ పేజీ ఉన్న సంచిక బయటికొచ్చాక ఆగలేక నేనే రేపల్లె పోయాను. ఏసుపాదం షాపులో మేకుకు ఒక తాళంచెవి వేలాడుతోంది. బడిలో మా పత్రిక చదివించే ఎదురింటి టీచరమ్మ నిజాంపట్నం పెళ్లికి వెళ్తూ ఇచ్చిందట. టీ తాగుదాం రమ్మన్నాను.

“ఆవిడొచ్చేదాకా కదల్లేనండి. మీరు తాగిరండి,” అన్నాడు మేకు వైపు చూస్తూ. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

కొన్నాళ్లకు తప్పిపోయిన లండన్ సంచిక వచ్చింది. అందులో వేరే ముఠా నక్కదొరగారి సొమ్మే కొట్టేసిందట. ఆ కోపంతో పోలీసుల్లో కలిశాడు. ఎడిటరుగారు చదివి, మనదే ఉండనివ్వమన్నారు.

ఆ తర్వాత చాలా కథలకు బొమ్మలు వేశాను. దొంగ మారే చోటు వచ్చినప్పుడల్లా, వాడికి తాళంచెవి ఇచ్చే మనిషి ఎవరో ముందు చూసుకునేవాణ్ణి.