గుండెలో లేని మచ్చ

ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో హమాలీ ముత్తెన్నకు బస్తా ఎత్తే ముందు అరచేతులు రుద్దుకుని గట్టిగా ఊపిరి పీల్చడం అలవాటు. అతని గోళ్లలోకి దిగిన పసుపు ఏ సబ్బుకూ వదలదు. 1997 ఎండాకాలంలో ఆయాసం మొదలైతే హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోయాడు. అక్కడ కిరణాలు వెలువరించే సూదిమందు ఎక్కించి, ఒంట్లోంచి వచ్చే ఆ కిరణాలను కెమెరాతో పట్టి, కంప్యూటర్‌లో గుండె బొమ్మ తీశారు. కింది గోడలో నల్లటి మచ్చ కనబడింది. ఆ భాగం చచ్చిపోయిందని, బరువులెత్తొద్దని, మూడు నెలలకు ఆపరేషన్‌కు రమ్మని చెప్పారు. మూడు నెలలు అతను మంచం దిగలేదు. నీళ్ల చెంబు కూడా భార్య కమలవ్వే నోటికి అందించింది.

ఆపరేషన్ కోసం వెళ్లిన రోజు డాక్టరమ్మ ఇంకో బొమ్మ చూపించింది. అందులో మచ్చ లేదు. ముత్తెన్న బొమ్మ మీద వేలు పెట్టి అడిగాడు: "మల్ల సూదియ్యలే, మిషిన్ల పండవెట్టలే. గా మచ్చ ఏడికి పోయింది?"

"అవే కిరణాలు, లెక్క మారింది" అంది డాక్టరమ్మ. "నీది దిట్టమైన ఒళ్లు. కొన్ని కిరణాలను కండలే మింగేశాయి. పాత లెక్కకు అది తెలియక, అక్కడ మచ్చ చూపించింది. కొత్త పద్ధతిలో కంప్యూటర్ ముందు అంచనాగా ఒక బొమ్మ వేసి, కండలు మింగినవీ లెక్కేసి, వచ్చిన కిరణాలతో పోల్చి, మళ్లీ మళ్లీ దిద్దుతుంది. నీ గుండె బాగుంది. ఆయాసం పసుపు దుమ్ముది."

కమలవ్వ చేతులెత్తి మొక్కింది. ముత్తెన్న తన పసుపు గోళ్ల వంక చూసుకున్నాడు. తలెత్తి అడిగాడు: "గట్లయితే డాక్టరమ్మా, గీ మూడు నెలలు నేనెందుకు సచ్చిన?"