కణుపు దాటని ఉంగరం

డాక్టర్ షహజాదికి మనుషుల ముఖాల కంటే ముందు మెడలు కనిపిస్తాయి. షుగరు, హార్మోన్ల జబ్బుల మీద పైచదువులో చేరాక పట్టుకున్న అలవాటది. ఆటోనగర్ బస్సులో నిలబడి ఒకరి మెడ మీద నలుపునూ, ఇంకొకరి గొంతు వాపునూ చూస్తూ ఉండిపోతుంది. వాళ్ళు గమనిస్తే చున్నీ సర్దుకుంటుంది. కొంతకాలంగా ఆ చూపు ప్రొఫెసర్ జయపాల్ గారి దగ్గర ఆగిపోతోంది. ఆయన వేళ్ళు లావెక్కాయి, దవడ ముందుకొచ్చింది, పెళ్ళి ఉంగరం కణుపు దాటి రావడం లేదు. డిపార్ట్‌మెంట్ గోడ మీది పాత ఫోటోలో ఆయన వేరే మనిషిలా ఉంటారు. ఫైనల్ పరీక్షలో మార్కులు వేసేదీ ఆయనే.

ఎదుగుదల హార్మోను ఎక్కువై కాళ్ళూ చేతులూ పెరిగిపోయిన చల్లపల్లి రైతు ఒకాయన ఒక రోజు వార్డులో ఉన్నాడు. "ఇన్నేళ్ళూ ఎవరూ ఎందుకు కనిపెట్టలేదమ్మా?" అని షహజాదిని అడిగారు జయపాల్ గారు.

"రోజూ చూసేవాళ్ళకి తేడా తెలీదు సార్."

"తెలిసినవాళ్ళన్నా చెప్పాలిగా?" అన్నారాయన, రాని ఉంగరాన్ని అలవాటుగా లాక్కుంటూ.

"చెప్పాలి సార్."

మంచం మీది రైతు తన చేతినీ ఆయన చేతినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత షహజాది వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.